కాటుకకంటి పూవు

రైల్వే క్వార్టరులోని తోటకు ఒక విచిత్రమైన గుణం ఉన్నది. దానిని నాటినవాడొకడు, నీళ్ళు పోసినవాడు వేరొకడు, పూలు కోసుకొనేవాడు మరొకడు. బదిలీ ఉత్తరువు వచ్చిన నాడు మనిషి తన మంచాలూ, బిందెలూ, పిల్లల పుస్తకాలూ సర్దుకొని పోతాడు గాని, గోడవారగా ఎదిగిన మామిడిచెట్టును సర్దుకొని పోలేడు. నేను అరవై ఏళ్ళపాటు తిన్న సీతాఫలాలలో ఒక్కటైనా మా ఇంటివారు నాటిన చెట్టుది కాదు. అందుచేత మా కాలనీలో తోటపని మీద ఆసక్తి గలవారు రెండు తెగలుగా ఉండేవారు. నాలుగు నెలలలో పూసి వాడిపోయే బంతినీ, చామంతినీ నమ్ముకొన్నవారు కొందరు. ఎవరు తింటేనేమి అని మామిడిటెంక పాతిపెట్టేవారు కొందరు. నా భార్య ఈ రెండవ తెగకు చెందినది. నేను ఏ తెగకూ చెందను. నా ఉద్యోగం కంట్రోలు కార్యాలయంలో. ఏ బండి ఏ స్టేషనును ఎప్పుడు దాటవలెనో కాగితం మీద గీతలు గీసి నిర్ణయించే పని. చెట్లకు కూడా ఒక కాలపట్టిక ఉంటుందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసివచ్చింది.

బిలాస్‌పూరు అర్పా నది ఒడ్డున ఉన్న ఊరు. బిలాసా అనే బెస్త స్త్రీ పేరున ఈ ఊరు వెలసిందని ఇక్కడివారు చెప్పుకొంటారు. పాత ఊరు ఆమెదే కావచ్చును గాని, మా ఊరు మటుకు రైలుది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే సంస్థ నాగపూరు నుంచి తూర్పుగా పట్టాలు వేసుకొంటూ వచ్చి, ఇక్కడ ఒక పెద్ద కూడలిని కట్టింది. 1931లో రాయపూరు నుంచి విజయనగరానికి కొండలలోగుండా దారి పడిన తరువాత మా వైపు జనం ఈ ప్రాంతానికి రావడం మరింత సులభమైంది. మా నాన్నగారు 1946లో పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి ఆ దారినే వచ్చి గూడ్సు గార్డుగా చేరారు. బి. ఎన్. ఆర్. అనే పేరు పోయి, 1955లో ఆగ్నేయ రైల్వే అయింది; 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూరే ఒక జోనుకు ముఖ్యస్థానమైంది. అంతకు ముందే, 2000 నవంబరు 1న, రాష్ట్రం పేరు కూడా మారి ఛత్తీస్‌గఢ్ అయింది. పేర్లు ఇన్ని మారినా కాలనీలో తెలుగు మారలేదు. బుధవారీ బజారులో గోంగూర అమ్మే ఛత్తీస్‌గఢీ ముసలమ్మ మా ఆడవాళ్ళను తెలుగులోనే పిలిచేది. వేసవిలో సోలాపురీ మాత పూజ వచ్చిందంటే బారా ఖోలీ వీధులలో విజయనగరం, శ్రీకాకుళం యాసలు తప్ప మరొకటి వినిపించేది కాదు.

2016లో మా కోడలి పురిటికని నా భార్య అమెరికా వెళ్ళింది. కుమారుడు మేరీలాండ్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. నాకు సెలవు దొరకలేదు. మే నెలలో వెళ్ళినది అక్టోబరులో తిరిగి వచ్చింది. మనుమరాలిని గురించి ఎంత చెప్పిందో, అక్కడి రోడ్ల పక్కన చూచిన ఒక పూవును గురించి దాదాపు అంత చెప్పింది. "ఎవరూ నాటరుటండీ. దానంతట అదే పూస్తుంది. రేకులు పసుపు ముద్ద రంగు. నడుమ ఉబ్బెత్తుగా, నల్లగా, చిన్నపిల్ల కంటికి దట్టంగా కాటుక దిద్దినట్టు ఉంటుంది" అన్నది. దాని ఇంగ్లీషు పేరు బ్లాక్ ఐడ్ సూసన్ అని కుమారుడు చెప్పాడట. నల్లకళ్ళ సూసన్. "ఆ సూసన్ ఎవరో మనకు తెలియదు గదా, నేను మటుకు కాటుకకన్ను అని పిలుచుకొన్నాను" అన్నది.

సూసన్ ఎవరో నేను తరువాత తెలుసుకొన్నాను. 1720లో ఇంగ్లీషు కవి జాన్ గే ఒక పాట వ్రాశాడు. ఓడ బయలుదేరబోయే వేళ ప్రియుని కడసారి చూచుకోవడానికి ఓడ మీదికి వచ్చిన నల్లకళ్ళ యువతి పేరు సూసన్. వీడ్కోలు పాటలోని ఆ పేరు సముద్రం దాటిపోయి ఒక పూవుకు అంటుకొన్నది. వృక్షశాస్త్రం దానికి పెట్టిన పేరు రడ్బెకియా హిర్టా. స్వీడను దేశపు లినేయసు 1753లో ఆ పేరు పెట్టాడు. ఉప్సాలా విశ్వవిద్యాలయంలో తనను చేరదీసి, తన ఇంటి పిల్లలకు చదువు చెప్పే పని ఇచ్చి, తన బదులు ఉద్యానవనంలో పాఠాలు చెప్పనిచ్చిన గురువు రడ్బెక్‌నూ, ఆ తోటను 1655లో నెలకొల్పిన ఆయన తండ్రినీ లినేయసు ఆ విధంగా స్మరించుకొన్నాడు. హిర్టా అంటే నూగు గలది అని అర్థం. ఆ మొక్క ఆకూ కాడా అంతా గరుకైన నూగే. 1918లో మేరీలాండ్ రాష్ట్రం దానిని తన రాష్ట్రపుష్పంగా స్వీకరించింది. అంటే నా భార్య చూచినది ఆ ప్రాంతానికి సొంతమైన పూవునే.

2017లో కలకత్తా నుంచి ఒక మిత్రునిచేత విత్తనాలు తెప్పించాను. పొట్లం మీద ఆమె చెప్పిన ఇంగ్లీషు పేరే ఉన్నది. విత్తనాలు మిరియపు గింజలంత ఉన్నవి. చల్లగానే మొలిచినవి. నెల తిరిగేసరికి తీగలు సాగి కిటికీ ఊచలకు చుట్టుకొన్నవి. నారింజ రంగు పూలు పూసినవి. ఒక్కొక్కదాని నడుమ నల్లని గొట్టం. చాలా అందమైన పూలే. ఆమె వాకిట్లోకి వచ్చి, చూచి, పకపక నవ్వింది. "ఇది వేరండీ. అది తీగ కాదు, నిలబడే మొక్క."

తప్పు విత్తనాలు అమ్మినవానిది కాదు, పేరుది. ఒకే ఇంగ్లీషు పేరు రెండు పూలకు ఉన్నది. మాకు వచ్చినది తూర్పు ఆఫ్రికా తీగ, తన్బెర్గియా. అందులోనూ ఒక చమత్కారం ఉన్నది. తన్బెర్గ్ అనే ఆయన లినేయసుకు శిష్యుడు. తరువాతి కాలంలో ఉప్సాలాలో ఆ ఆచార్యపీఠాన్నే అలంకరించినవాడు. గురువుగారి పేరున్న పూవును కోరితే శిష్యుని పేరున్న పూవు వచ్చిందన్న మాట. అంగడిలో పిలిచే పేరును నమ్మరాదని, శాస్త్రం పెట్టిన పేరు చూచి కొనవలెనని ఆనాడు గ్రహించాను. చదివేవారికి నా అనుభవంలో పనికివచ్చే మొదటి మాట ఇదే.

మరుసటి ఏడు సరియైన విత్తనమే వచ్చింది. అది విత్తనమని నమ్మడమే కష్టం. నల్లని నలుసు. అరచేతిలో పోసుకొంటే పొగచూరిన దుమ్ము వలె ఉన్నది. గ్రాముకు మూడు వేలకు పైగా తూగుతుంది. మా ప్రాంతంలో విత్తడం అంటే ఆషాఢమే. తొలకరి పడగానే రైతు వరి చల్లుతాడు. ఇంటి ఆడవాళ్ళు బీర, ఆనప పాదులు పెడతారు. నేనూ 2018 జూన్‌లో మొదటి వాన పడగానే సగం విత్తనం చల్లాను. అదే నా అజ్ఞానం. మేరీలాండ్ వేసవి వేరు, బిలాస్‌పూరు వేసవి వేరు. ఇక్కడ మేలో పాదరసం నలభై అయిదు డిగ్రీల దాకా పోతుంది. జూన్ మధ్యలో మొదలైన వాన సెప్టెంబరు దాకా నేలను ఆరనివ్వదు. ఏడాదికి పడే పన్నెండు వందల మిల్లీమీటర్లలో అధికభాగం ఆ మూడు నెలలలోనే పడుతుంది. పైగా మా పెరడు కన్హార్ నేల. ఛత్తీస్‌గఢ్ రైతు నేలను నాలుగు పేర్లతో పిలుస్తాడు: ఎర్రని గరప నేల భాఠా, పసుపుపచ్చని నేల మటాసీ, నల్లని బంకనేల కన్హార్, ఈ రెంటికీ నడిమిది డోర్సా. కన్హార్ వానకాలంలో జిగురు, ఎండకాలంలో రాయి. మొలకలు ఆవగింజంత ఆకులు విప్పినవి. నాలుగు రోజులకు వేరు మొదట సన్నని దారంలా నలిగి, ఒక్కొక్కటే పక్కకు పడిపోయినవి. రైతులు దీనినే నారుకుళ్ళు తెగులు అంటారు. మిగిలిన విత్తనాన్ని సెప్టెంబరులో చల్లాను. ఆ రోజులలోనే ఆమె తన చెల్లెలి ఇంటికి విజయనగరం వెళ్ళింది. "జాగ్రత్తండీ, నేను వచ్చేసరికి నాలుగు ఆకులు వేయాలి" అని చెప్పి మరీ బండి ఎక్కింది. ఆమె వెళ్ళిన వారానికి ఒక రాత్రంతా కుండపోతగా వాన కురిసింది. తెల్లవారేసరికి కుండీలో బురద తప్ప మరేమీ లేదు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పక తప్పదు. ఆమె వచ్చే ముందు రోజు ఒక నర్సరీకి వెళ్ళి, పచ్చని రేకులూ ముదురు రంగు నడుమా గల పూలు పూసే నారు కావాలని అడిగి, గెయిలార్డియా మొక్కలు పన్నెండు తెచ్చి ఆ మడిలో నాటాను. వాటి ఆకులకు కూడా నూగు ఉన్నది. నేను అసలు పూవును ఎన్నడూ చూచినవాడను కాను. ఈ రెంటికీ అంత భేదం ఉండదనుకొన్నాను. దసరా వెళ్ళిన తరువాత ఆమె తిరిగి వచ్చి, సంచి వసారాలో పెట్టి, కాళ్ళు కడుక్కోకుండానే మడి దగ్గరికి వెళ్ళింది. "అయితే బతికాయన్న మాట" అన్నది. "బతికాయి" అన్నాను. ఒక్క మాట. అబద్ధానికి అంతకంటె ఎక్కువ అవసరం లేదు.

అవి 2019 జనవరిలో పూసినవి. రేకుల చివరలు మూడు పళ్ళుగా చీలి ఉన్నవి. రేకు మొదట ఎరుపు. ఆమె చాలసేపు వంగి చూచింది. "ఇక్కడి నేలకు రంగు మారింది కాబోలు. బాగున్నాయండీ" అని, నాలుగు పూలు కోసి దేవుని గూటిలో పెట్టింది. నా గుండె తేలికపడింది. అందరినీ మెప్పించి బండిని వేళకు దాటించిన సంతృప్తి వంటిదొకటి ఆ రోజు అనుభవించాను.

మా స్టేషనులో రవీంద్రనాథ ఠాకూరు కవిత ఒకటి ఫలకం మీద ప్రదర్శించి ఉన్నది. 1918లో వచ్చిన 'పలాతకా' సంపుటంలోని 'ఫాంకి' అనే కవిత. ఫాంకి అంటే మోసం. జబ్బుపడిన భార్య బినూను గాలిమార్పుకు తీసుకొనిపోతున్న భర్త బిలాస్‌పూరులో బండి మారడానికి గంటల తరబడి ఆగుతాడు. అక్కడ రుక్మిణి అనే కూలీవాని భార్యకు కూతురి పెళ్ళి నగకని ఇరవై అయిదు రూపాయలు ఇవ్వమని బినూ కోరుతుంది. అతడు చాటుగా రుక్మిణిని గదమాయించి రెండు రూపాయలు మాత్రం చేతిలో పెట్టి, మొత్తం ఇచ్చివేసినట్టు భార్యతో అంటాడు. రెండు నెలలకు ఆమె మరణిస్తుంది, ఆ సంతోషంతోనే. అతడు తిరిగి వచ్చి రుక్మిణి కోసం వెతుకుతాడు. ఆమె ఎక్కడికో పోయింది. రెండు రూపాయలు పోను మిగిలిన అప్పు తీర్చే చోటు లేక అతనిలోనే మిగిలిపోతుంది. ముప్పై ఏళ్ళకు పైగా నేను ఆ ఫలకం పక్కనుంచే నడిచాను. బెంగాలీ మిత్రులు దాని అర్థం చెప్పినప్పుడు, అది మా ఊరికి గర్వకారణమని అనుకొన్నానే గాని, అది నన్ను గురించి వ్రాసిందని అనుకోలేదు.

2019 ఆగస్టులో నా భార్య పోయింది. దానిని గురించి వ్రాయడానికి నాకు శక్తి లేదు, ఇక్కడ అవసరమూ లేదు. పెద్దకర్మ అయిన మరునాడు కుమారుడు వసారాలో నా పక్కన కూర్చొని, ఎండిపోయిన మడి వైపు చూస్తూ, "నాన్నా, ఆ పూల సంగతి అమ్మకు తెలుసు" అన్నాడు. ఏ పూలని నేను అడగలేదు. "జనవరిలో ఫోనులో చెప్పింది. మీ నాన్నగారు ఎక్కడినుంచో వేరే పూలు తెచ్చి నాటి, నా కోసం ఇవే అవి అని చెప్పారు. నాకు తెలిసిందని ఆయనతో అనకు, పాపం సంతోషంగా ఉన్నారు అన్నది."

కవితలోని భార్య మోసం తెలియకుండా వెళ్ళిపోయింది. నా భార్య తెలిసి, తెలియనట్టు ఉండి, ఆ పూలనే దేవునికి పెట్టి వెళ్ళిపోయింది. ఈ రెంటిలో ఏది భారమో చెప్పగలవారు ఉంటే చెప్పవలెను. నాకు మటుకు ఆ రాత్రి ఒక్కటే తోచింది: ఆ పూవు ఈ వాకిట్లో పూయవలెను.

మా లైనులో తరతరాలుగా తోటపని చేసే ఒక వృద్ధుడు ఉండేవాడు. అందరూ బాబా అని పిలిచేవారు. అతని దగ్గరికి వెళ్ళి, కుమారుడు ఫోనులోకి పంపిన బొమ్మ చూపాను. బాబా చాలసేపు చూచి, "బాబూజీ, ఇది చలి దేశపు బిడ్డ. దాని వేసవి ఎలా ఉంటుందో, మన చలికాలం అలా ఉంటుంది. వానలో పుట్టించకండి. దసరా వెళ్ళనివ్వండి" అన్నాడు. తరువాత, కత్తెర తుడుచుకొంటూ, "మొన్న చలికాలంలో మాయీ కూడా ఇదే అడిగింది. ఇదే చెప్పాను" అన్నాడు. అంటే ఆమె నన్ను ఏమీ అనకుండానే, మరుసటి దసరాకు తానే మొదలుపెట్టదలచుకొన్నదన్న మాట.

ఆ ఏడు దసరా అక్టోబరు 8న వచ్చింది. నాలుగు రోజులు ఆగి విత్తాను. ఈసారి పెరటి మట్టిని ముట్టలేదు. రెండు పాళ్ళు మటాసీ మన్ను, ఒక పాలు అర్పా ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, జల్లెడ పట్టి వెడల్పాటి మట్టి మూకుళ్ళలో నింపాను. మూకుడు అడుగున నీరు పోవడానికి చిల్లులు. విత్తనాన్ని పొడి ఇసుకతో కలిపి చల్లితే ఒకచోట గుంపు కాదు. దానిపై మన్ను కప్పరాదు. ఈ విత్తనం వెలుతురు సోకితేనే బాగా మొలుస్తుంది. అరచేతితో మెల్లగా అదిమితే చాలు. నీళ్ళు పైనుంచి పోయక, మూకుడును నీటి పళ్ళెంలో నిలబెట్టితే మట్టి తానే పీల్చుకొంటుంది. అక్టోబరు నడిమి రోజులలో మా ఊరి పగలు ముప్పై డిగ్రీలు, రాత్రి ఇరవై. అది దానికి సరిపోయే వేడిమి. తొమ్మిదవ నాడు ఆకుపచ్చని చుక్కలు కనిపించినవి. ఎక్కువైన మొలకలను లాగక, కత్తెరతో మొదలంటా కత్తిరించాను. లాగితే పక్కదాని వేరు కదులుతుంది. ఇవన్నీ బాబా చెప్పినవే. అతని మనుమడు కూడా చదివి చూచి, పుస్తకంలోనూ ఇలాగే ఉన్నదన్నాడు.

నవంబరు నడుమ, అయిదేసి ఆకులు వచ్చిన తరువాత మొక్కకూ మొక్కకూ అడుగు దూరం ఉంచి మడిలో నాటాను. మడిని జానెడు ఎత్తు చేసి, కన్హార్‌లో ఇసుకా ఆకు ఎరువూ కలిపాను. రోజంతా ఎండ పడే చోటు అది. ఎరువు ఎక్కువ పెట్టరాదు. పెడితే ఆకు బలుస్తుంది గాని కాడ వాలిపోతుంది. నీళ్ళు ఉదయం పూట, మొదట్లో మాత్రమే. ఆకుల మీద తడి నిలిస్తే తెగులు పడుతుంది.

2020 జనవరి 31న నేను ఉద్యోగ విరమణ చేశాను. పూలదండ వేశారు. అది బంతిపూల దండ. బంతి కూడా ఒకనాడు మెక్సికో నుంచి ఓడలో వచ్చిన అతిథే గదా, ఇప్పుడు అది లేని పండుగ లేదు, పెళ్ళి లేదు, పదవీ విరమణ లేదు అని ఆ క్షణాన తోచింది. నియమం ప్రకారం నాలుగు నెలలు, అంటే మే నెలాఖరు దాకా, పాత అద్దెకే క్వార్టరులో ఉండవచ్చును. అప్పటికి మొక్కలు నేలకు అంటుకొని, గుండ్రని పళ్ళెం వలె ఆకులు పరచుకొని కూర్చున్నవి. డిసెంబరు అంతా అలాగే ఉన్నవి, జనవరి అంతా అలాగే ఉన్నవి. ఫిబ్రవరిలోనూ కాడ లేవలేదు. నాకు గడువు తరిగిపోతున్నది. వాటికి ఏ తొందరా లేదు.

ఆ రోజులలో దాని రహస్యం చదివి తెలుసుకొన్నాను. 1920లో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు మొక్కలు పగటి పొడవును కొలుచుకొంటవని చూపారు. కొన్ని పగళ్ళు కురచ అయినప్పుడు పూస్తవి. మన చామంతి అటువంటిది. కొన్ని పగళ్ళు పొడవు కావలెనని కాచుకొంటవి. ఈ రడ్బెకియా ఆ జాతి. ఎంత నీరు పోసినా, ఎంత ఎరువు పెట్టినా, పగలు రాత్రిని మించి సాగేదాకా అది కాడ ఎత్తదు. ఇరవై రెండవ అక్షాంశం మీద ఉన్న మా ఊరిలో డిసెంబరు పగలు పది గంటల నలభై నిమిషాల పైచిలుకు. జూన్ పగలు పదమూడున్నర గంటలు. ఆ మొక్క తన కాలపట్టికను ఆకాశంలో చదువుకొంటున్నది. జీవితమంతా బండ్లకు వేళలు నిర్ణయించినవాడను, ఒక గడ్డిమొక్క వేళకు లోబడి కూర్చున్నాను.

మార్చి 22న ప్రయాణికుల బండ్లు ఆగిపోయినవి. కరోనా వ్యాధి భయానికి దేశమంతా ఇళ్ళలో దాగింది. రైలు ఊరిలో పుట్టినవానికి నిశ్శబ్దం అంటే ఏమిటో అంతకు ముందు తెలియదు. పగలూ రాత్రీ కోర్బా బొగ్గు మోసే గూడ్సు బండ్లు మాత్రం పోయేవి. తిరుపతి బండి లేదు, విశాఖ బండి లేదు. విమానాలు నిలిచిపోయి, కుమారుడు రాగల మార్గం కూడా మూసుకొనిపోయింది. ఆ వారంలోనే ఒక ఉదయం, ఆకుల నడుమ నుంచి నూగుతో తెల్లబడిన ఒక కాడ నాలుగు వేళ్ళ ఎత్తు లేచి ఉండడం చూచాను.

ఏప్రిల్ ఎండ దానికి అలవాటు లేనిది. మధ్యాహ్నానికి ఆకులు వేలాడేవి, సాయంకాలానికి తేరుకొనేవి. నాలుగు వెదురుకర్రలు పాతి, ఆమె పాత నేతచీర ఒకటి పందిరిగా కట్టి, పన్నెండింటి నుంచి నాలుగింటి దాకా నీడ పట్టాను. మడిలో ఎండుగడ్డి పరిచాను. ఏప్రిల్ రెండవ వారంలో మొదటి పూవు విచ్చుకొన్నది.

పసుపు ముద్ద రంగు అని ఆమె చెప్పినది అక్షరాలా నిజం. నడుమ నలుపు అనుకొన్నది దగ్గరగా చూస్తే నలుపు కాదు, ముదురు గోధుమ రంగు. అది ఒక్క పూవు కాదు, కొన్ని వందల పూల సముదాయం. అంచున ఉన్నవి ముందు విచ్చుకొని, పుప్పొడి ఉంగరం వలె మెరిసి, రోజురోజుకూ ఆ ఉంగరం లోపలికి జరుగుతూ పోతుంది. చుట్టూ ఉన్న రేకులు గింజ కట్టవు. అవి పిలవడానికే ఉన్నవి. ఆ పిలుపులో మన కంటికి అందని భాగం కూడా ఉన్నది. రేకుల మొదళ్ళు అతినీలలోహిత కిరణాలను పీల్చుకొంటవి. అందుచేత మనకు ఒకే పసుపుగా కనిపించే రేకులో తేనెటీగకు నల్లని వలయం ఒకటి కనిపిస్తుంది. దీనికి కారణమైన ద్రవ్యాలను 1972లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ పూవులోనే గుర్తించారు. మనం నమ్మకంగా చూచే దానిలోనే మనకు కనిపించనిది, చూడగలవారికి స్పష్టంగా కనిపించేది ఉంటుందన్న మాట. పన్నెండు గెయిలార్డియాలను నేను ఎంత నమ్మకంగా చూపానో జ్ఞాపకం వచ్చింది.

ఫోనులో బొమ్మ తీసి కుమారునికి పంపాను. మా ఉదయం అతనికి రాత్రి. చాలసేపటికి, "అమ్మ చెప్పినది ఇదే" అని జవాబు వచ్చింది. నేను ఒక పూవు కోసి దేవుని గూటిలో, ఆమె పటం ముందు పెట్టాను. అప్పు తీరిందని అనుకోలేదు. ఇచ్చేవారు ఉన్నప్పుడు ఇవ్వవలసినది తరువాత ఇస్తే అది చెల్లింపు కాదు, జ్ఞాపకం. అయినా ఇవ్వకుండా ఉండలేము.

మే నెలలో, వలస కూలీలను మోసుకొని శ్రామిక్ బండ్లు మా ఊరికి వచ్చే రోజులలో, పూల తలలు ఎండి నల్లబడినవి. వాటిని కోసి కాగితం మీద దులిపాను. అరచెంచాడు విత్తనం వచ్చింది. నెలాఖరుకు అర్పా అవతల ఒక అద్దె ఇంటికి మారాను. నా తరువాత ఆ క్వార్టరులోకి వచ్చినవారు ఒడిశా వారు. భర్త ఇంజను మీద పని చేసే యువకుడు. తాళం చెవి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆ ఇంటి కోడలికి ఒక పొట్లం కూడా ఇచ్చి, మడి చూపి, దసరా వెళ్ళేదాకా చల్లవద్దని, చలికాలమంతా ఆకులే ఉంటే కంగారుపడవద్దని చెప్పాను. "ఈ పూవు పేరేమిటి, అంకుల్?" అని అడిగింది. ఇంగ్లీషు పేరు చెప్పబోయి ఆగాను. ఆ పేరుతో అడిగితే ఆమెకు తీగ వస్తుంది. శాస్త్రం పేరు పొట్లం మీద వ్రాసి ఇచ్చి, మా ఇంట్లో దీనిని కాటుకకన్ను అంటారని చెప్పాను. ఆమె ఒకటికి రెండుసార్లు పలికి చూచుకొన్నది. తెలుగు రాని నోటికి కొంచెం కష్టమే.

మరుసటి ఏప్రిల్‌లో ఆ వైపు వెళ్ళవలసిన పని పడింది. ప్రహరీ మీదుగా చూచాను. వాకిట్లో పసుపు ఉన్నది. ఆ కోడలు నన్ను చూచి, పసిబిడ్డను చంకన వేసుకొని బయటికి వచ్చి, "కాటుకకన్ను బాగా వచ్చింది అంకుల్, చూడండి" అన్నది. తెలుగు మాట స్పష్టంగానే పలికింది. లోపలికి రమ్మని పిలిచింది గాని, నేను వెళ్ళలేదు. కొంతసేపు అక్కడే నిలబడి, తిరుపతి బండి వేళ అవుతున్నదని చెప్పి వచ్చివేశాను. ఆ బండితో నాకేమీ పని లేదు.